పదిన్నరకు వచ్చే అమ్మాయి

క్లయింట్ల పన్ను రిటర్నులు వేసే మా ఆఫీసుకు పదింటికి రావాల్సిన అమ్మాయి ఆలస్యంగా రావడం ఈ నెలలో ఇది ఐదోసారి. పోయిన నెల నేను ఇక్కడ తెగ మెచ్చుకున్న అమ్మాయే. మిగతా రోజుల్లో అయితే ఓర్చుకునేదాన్నేమో కానీ, జీఎస్టీఆర్-1 (నెల అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీ రిటర్ను) దాఖలుకు ఆఖరి రోజైన 11వ తేదీన కూడా పదిన్నరకు టిఫిన్ పొట్లం పట్టుకుని, "బస్సు దొరకలా మేడం" అంటూ నింపాదిగా లోపలికి రావడం చూసి ఒళ్ళు మండింది. చిత్తూరు బస్సులు, మదనపల్లె బస్సులు, అవీ కాకుంటే షేర్ ఆటోలు తిరిగే చంద్రగిరిలో బస్సు దొరక్కపోవడం ఏమిటి? ఆమెను ఏమీ అనడం లేదని గమనించి, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు చేసే అబ్బాయి కూడా ఈ వారం నుంచి పదీ పావుకు తగ్గడం లేదు. అందుకే క్లయింట్ల ముందే, మూడు ఆలస్యాలకు ఒక పూట జీతం కోస్తానని గట్టిగా చెప్పేశాను.

నా మొదటి ఉద్యోగంలో పెద్ద గుమాస్తా పదీ పది కాగానే హాజరు పట్టీలో ఎర్రసిరాతో గీత గీసేవారు. చిత్తూరు నుంచి రోజూ వచ్చేదాన్ని. ఒకనాడు పూతలపట్టు దాటాక బస్సు టైరు పేలి, పదీ పన్నెండుకు రొప్పుతూ చేరేసరికి గీత తడి ఇంకా ఆరలేదు. దాని కింద సంతకం పెడితే నా వేలికి ఎరుపంటింది. ఆయన కారణం అడగలేదు. ఆనాటి నుంచి నేను కూడా ఐదున్నర కాగానే కలం మూసేయడం మొదలుపెట్టాను.

ఈ అమ్మాయి మాత్రం రిటర్నుల రోజుల్లో రాత్రి ఎనిమిదైనా లేవదు. ఆ మాటే అంటే, ఆలస్యంగా వచ్చింది కనుకే ఆలస్యంగా ఉంటోందని మా వారు నవ్వారు. అదీ నిజమే కావచ్చు. కానీ రాని సమయానికి తగినంతే జీతం తగ్గించాలన్నది 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచీ ఉన్న నియమమని క్లయింట్లకు చెప్పేది నేనే. ఎనిమిది గంటల పనిలో అరగంటంటే పదహారో వంతు, మూడు అరగంటలు కలిపినా పూట కాదు.

ఆ టిఫిన్ పొట్లం మధ్యాహ్నం మూడింటికి కూడా విప్పకుండా బల్ల మీదే ఉంది. చూసి కూడా నేను పలకరించలేదు.

రేపు తలుపు వేసి, ఒంటరిగా కూర్చోబెట్టి, ఇంట్లో ఉదయం ఏం జరుగుతోందో అడుగుతాను. పదిన్నర నుంచి ఏడు వరకు కుదురుతుందంటే అలాగే రాసుకుంటాను. జీఎస్టీ రిటర్నుల గడువులైన 11, 20 తేదీల్లో మాత్రం పదింటికే కుర్చీలో ఉండాలి. ఆ రెండు రోజుల విషయంలో నా కోపం ఇంకా తగ్గలేదు.