చింతచెట్టు మీద సైబీరియా

బావగారు రిటైరయ్యాక మా ఇంట్లో అలారం అవసరం పడలేదు. పొద్దున ఐదున్నరకల్లా వాట్సాప్ మోగుతుంది. ఈ రోజు వచ్చినవి రెండు. ఒకటి, ఆక్టోపస్‌కి మూడు గుండెలు, దాని రక్తం నీలం. రెండోది, చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనిపిస్తుంది. మొదటిది నిజమే. రెండోది ఎన్నిసార్లు పాతిపెట్టినా లేచి వస్తూనే ఉంటుంది. చంద్రుడి మీదికి వెళ్లొచ్చినవాళ్లే అలాంటిదేమీ కనబడలేదన్నారు. ఆ మాట రాసి పంపితే ఆయన దండం బొమ్మ ఒకటి పెడతారు, కొన్నాళ్లాగి మళ్లీ అదే గోడ పంపుతారు.

ఆయన్ని అనడానికి నాకు నోరు లేదు. నాదీ అదే పిచ్చి. మా బడి వరండాలో ఒక పాత నల్లబోర్డు ఉంది. దాని మీద రోజూ 'ఈ రోజు వింత' రాస్తుంటాను. ఎవరూ అప్పగించిన పని కాదు. గీజా పిరమిడ్ కట్టిన కాలానికంటే మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన కాలానికే క్లియోపాత్రా దగ్గర అని రాసిన రోజు మా లెక్కల మాస్టారు కూడా ఆగి, పెదాలు కదుపుతూ తీసివేతలు చేసుకుని, తలాడించి వెళ్లారు. అలా ఈజిప్టు, పెరూ, అంటార్కిటికా అన్నీ తిరిగాక విసుగొచ్చింది. ఈ నెలంతా మన చుట్టుపక్కల దాటకూడదని నియమం పెట్టుకున్నాను. పెట్టుకున్నాక తెలిసింది, మనకి వింతలు తక్కువేం కాదు. కాకపోతే వాటికి మనం తగిలించిన కథలు ఒక్కోసారి అసలు వింతను మింగేస్తున్నాయి.

ఈ రోజు బోర్డు మీద ఒకే వాక్యం రాశాను: 'తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి రావు.'

బడి గంట కొట్టకముందే గొడవ మొదలైంది. గేటు ఎదురుగా టీకొట్టు నడిపే పెద్దాయన గ్లాసులు కడుగుతూనే నిలదీశాడు. "ఏటి మాస్టారూ, అలాగ రాసీనారేటి? మా తాతల కాడ్నించీ అయి సైబీరియా పక్షులే కదా!"

మా శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలి వైపు ఈ మాట అననివాళ్లు లేరు. ఏటా వానాకాలం చివర్లో వచ్చి, ఎండలు ముదిరేదాకా తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుని, పిల్లల్ని పెంచుకుని పోయే పక్షులు ముఖ్యంగా రెండు రకాలు. ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులు, తోక వైపు గులాబీ రంగు పూసుకున్న ఎర్రకాళ్ల కొంగలు. ఈ రెండింటికీ సైబీరియా అంటే ఏమిటో తెలియదు. ఈ జాతి గూడబాతు గూడు కట్టేది మన దేశంలో, శ్రీలంకలో, అటు కంబోడియాలో. ఎర్రకాళ్ల కొంగ కూడా అచ్చంగా దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి, చెరువు నుంచి చెరువుకి తిరిగే జీవులవి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే కొంగల్నీ సైబీరియా ఖాతాలోనే వేశాం. అవి నత్తలు తినే కొంగలు. మూసినా పూర్తిగా మూతపడని ముక్కు వాటిది, మధ్యలో సందు ఉంటుంది. పిల్లకి పుట్టినప్పుడు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. సైబీరియా మంచులో ఈ పక్షికి పొలం నత్తలు ఎవరు పెడతారు?

అయినా ఆ పేరు ఎందుకు అంటుకుందో ఊహించగలను. సైబీరియా అంటే గౌరవం. వేల మైళ్లు ఎగిరి మన ఊరినే వెతుక్కుంటూ వచ్చాయంటే మన చింతచెట్టు కూడా గొప్పదైపోతుంది. పక్క రాష్ట్రం చెరువు నుంచి వచ్చాయంటే టికెట్ లేకుండా ప్యాసింజర్ ఎక్కి వచ్చిన చుట్టంలా చూస్తాం. తేలినీలాపురం వాళ్లు మాత్రం సైబీరియా అంటూనే వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు. పుట్టింటికి రావడమంటే సొంత చోటికి రావడమే కదా. ఈ రెండు మాటల్లో నేను రెండోదాని పక్షం.

టీకొట్టాయన నా మాట పూర్తిగా ఒప్పుకోలేదు. "మరి ఇంత దూరం నుండి రాకపోతే అంత అలిసిపోయినట్టు కూసుంటాయెందుకు?" అన్నాడు. ఎండకి, అన్నాను. ఆ ఎండ సంగతే ఎనిమిదో తరగతిలో బాగా పనికొచ్చింది. ఎండ ఎక్కువైతే గూడబాతు ఆ గొంతు సంచిని గబగబా అదిలించి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. కొంగల పద్ధతి వేరు, తమ కాళ్ల మీద తామే రెట్ట వేసుకుంటాయి. ఆ తడి ఆరుతుంటే కాలి రక్తం చల్లబడుతుంది. ఈ ముక్క చెప్పిన తర్వాత క్లాసుని మళ్లీ దారిలో పెట్టడానికి పావుగంట పట్టింది. ఎర్రకాళ్ల కొంగ చేపని కంటితో వెతకదు, సగం తెరిచిన ముక్కుని నీళ్లలో ముంచి నడుస్తూ, తగిలిన క్షణాన టక్కున మూస్తుంది అని చెప్పినా ఎవరూ వినలేదు. వాళ్లకి రెట్ట దగ్గరే కడుపు నిండింది.

రెండో పీరియడ్లో వింత నేను చెప్పింది కాదు. వెనక బెంచీలో హాస్టల్ కుర్రాడొకడున్నాడు. మెళియాపుట్టి కొండల్లోని సవర గూడెం వాళ్లది. ఎప్పుడూ నోరు విప్పడు. మీ ఇంట్లో లెక్క ఎలా పెడతారురా అని అడిగితే, తనకి తెలుగు లెక్కే అలవాటని, అమ్మమ్మ మాత్రం పాత లెక్క చెబుతుందని అన్నాడు. ఆ పాత లెక్క చెప్పించాం. పన్నెండు దాకా వరసగా వెళ్లాడు. పదమూడు అంటే పన్నెండు-ఒకటి. పద్నాలుగు పన్నెండు-రెండు. అలా పంతొమ్మిది దాకా వెళ్లి ఇరవై దగ్గర ఆగి, మళ్లీ ఇరవై మీద పేర్చడం మొదలెట్టాడు. ముప్పై మూడు అంటే ఇరవై-పన్నెండు-ఒకటి. తొంభై మూడు చెప్పరా అన్నాను. కాసేపు పైకి చూసి, నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి అన్నాడు. క్లాసంతా కాగితాలు తీసి కూడికలు వేసి, సరిపోయిందని చప్పట్లు కొట్టారు.

పన్నెండునీ ఇరవైనీ కలిపి లెక్కపెట్టే భాషలు ప్రపంచంలో అరుదు. సవర వాటిలో ఒకటి. మన బస్సు వెళ్లే దూరంలోనే ఉంది. అది తెలుగుకి చుట్టం కూడా కాదు. దాని బంధువులు కంబోడియాలో ఖ్మేర్, వియత్నాంలో వియత్నామీస్. తెలుగుకి దూరపు చుట్టం కావాలంటే పాకిస్తాన్ బలూచిస్తాన్‌లో బ్రాహుయీ ఉంది. కొండ మీద వాళ్ల బంధువులు తూర్పున, కింద మన బంధువులు పడమట. సంత మాత్రం ఒకటే.

గిడుగు రామ్మూర్తి పంతులు గారి పేరు చెప్పకుండా ఆ పీరియడ్ ఎలా ముగుస్తుంది? ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ తేదీనే తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. వ్యవహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం పాఠంలో ఉంటుంది. అయితే ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ కొన్ని దశాబ్దాలు సవర మీద పెట్టారు. సవరల్ని ఇంట్లో పెట్టుకుని మాట నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి సొంత డబ్బుతో బళ్లు పెట్టారు, 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. మన్యం జ్వరాలకి క్వినైన్ వాడీ వాడీ చెవులు పోయాయంటారు. చెవుడొచ్చిన మనిషి మరొకరి భాషలో ధ్వనుల గురించి రాయడం, ఆయన పుట్టినరోజు మనం తెలుగు పండగ చేసుకోవడం! ఏటా ఆ రోజు దండ వేసి ఫొటో దిగి వస్తాం. దండ వేసే వరసలో ఒక సవర కుర్రాణ్ణి నిలబెడదామని ఈ సారి హెడ్‌మాస్టారితో చెప్పాలి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలుగు మాస్టారు తగిలారు. పొందూరు పంచె తప్ప కట్టరు. చేప అన్న మాట వినిపించినా డబ్బా తీసుకుని పక్క గదికి వెళ్లే మనిషి. నేను వదలను కదా. "మాస్టారూ, మీ పంచెకి పత్తి దువ్వింది వాలుగ చేప దవడతో" అన్నాను. ఆయన ముద్ద ఆపలేదు. "తెలుసు బాబూ. అది దువ్వెన, కూర కాదు" అన్నారు. ఇలాంటి జవాబులకే ఆయనంటే నాకు ఇష్టం.

తమాషాకి అన్నా, అందులో అబద్ధం లేదు. వాలుగ దవడ నిండా సన్నటి పళ్లు వరసలుగా ఉంటాయి. పొందూరులో ఆడవాళ్లు ఆ దవడతో పత్తిని దువ్వి, దుమ్మూ నలుసూ తీసి, పోగుల్ని ఒక దారికి తెస్తారు. అంత మెత్తగా పనిచేసే ఇనుప దువ్వెన ఇంతవరకూ వాళ్లకి దొరకలేదు. అలా దువ్వి వడికిన నూలు 100 కౌంటు దాకా వెళుతుంది. 100 కౌంటు అంటే మిల్లు లెక్కలో ఒక పౌను, అంటే అర కిలోకి కాస్త తక్కువ నూలు పొడవు 84,000 గజాలు. దాదాపు 77 కిలోమీటర్లు. శ్రీకాకుళంలో ఒక కొస పట్టుకుని నడిస్తే విజయనగరం చేరాక కూడా చేతిలో దారం మిగులుతుంది. ఒక చేప పళ్లు, ఒక ఆడమనిషి వేళ్లు, అంతే యంత్రాంగం. తెలుగు మాస్టారు తన పంచె అంచుని కాసేపు అలా పట్టుకు చూసి, "ధర కూడా అంత పొడుగ్గానే ఉంటుంది" అని చేయి కడుక్కోవడానికి లేచారు.

సాయంత్రం స్టాఫ్‌రూములో సెలవుల బేరం. వచ్చే వారం అరసవల్లిలో కిరణాలు స్వామి పాదాల మీద పడే రోజులు. మార్చి 9, 10 తేదీల ప్రాంతంలో ఒకసారి, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలో ఒకసారి, ఉదయపు ఎండ గోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా గర్భగుడి లోపలికి వెళుతుంది. ఈ రెండు తేదీలే ఎందుకో లెక్క చూస్తే సరదాగా ఉంటుంది. సూర్యుడు ఉదయించే చోటు డిసెంబరు 21 దాకా దక్షిణానికి జరుగుతుంది, అక్కడి నుంచి మళ్లీ ఉత్తరానికి తిరుగుతుంది. దారిలో ఉన్న ప్రతి చోటునీ వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి దాటాలి. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి 80 రోజులు. అక్కడి నుంచి మార్చి 10కి 79. ఒకే ద్వారబంధంలోంచి పోయేదీ, తిరిగొచ్చేదీ.

ఇది చెబితే ఒక టీచరమ్మ కాస్త నొచ్చుకున్నారు, మహిమని లెక్క చేసేశావని. నాకలా అనిపించదు. మార్చిలో పడిన ఎండ అక్టోబరులోనూ సరిగ్గా అక్కడే పడేలా గుమ్మాల్ని వరసలో నిలబెట్టిన స్థపతి ఎన్ని తెల్లవార్లు కాపుకాశాడో! దండం ఆయనకి కూడా పెట్టాలి. సెలవు మాత్రం ఆవిడకే దొరికింది.

ఇంటికొచ్చి బోర్డు సంగతులన్నీ చెబితే మా ఆవిడ మూతి ముడిచింది. ఆవిడ విజయనగరం మనిషి. "తాబేళ్లు, కొంగలు, పంచెలు, అన్నీ మీ శ్రీకాకుళానివే. మా ఊరి వింత ఒక్కటీ కనబడలేదా మీకు?" తాబేళ్ల గురించి నేనింకా రాయనేలేదు. బారువ తీరంలో ఇసకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లకి, గూడు వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు పుడతారని మొన్న అన్నం తింటూ చెప్పాను. గుర్తుపెట్టుకుంది.

సరే నువ్వే చెప్పు అన్నాను. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణని అతుకు లేకుండా ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది, చూపులేని ఒక అబ్బాయికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనే దానికి మూలమంటారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథల ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వయొలిన్ పట్టుకుని వెళితే, వాయించింది విని పాఠాలు చెప్పే ఉద్యోగం ఇచ్చారట.

ఇవన్నీ బాగున్నాయి. కానీ నోరూరుకోదు కదా. "మీ ఊరి మహారాజకుమార్ 1936లో ఇంగ్లండుకి భారత జట్టు కెప్టెన్‌గా వెళ్లి, మూడు టెస్టులూ కలిపి 33 పరుగులు చేసి, ఆ టూర్ నడుస్తుండగానే సర్ బిరుదు పుచ్చుకున్నారు. అదీ రాయనా?" అన్నాను.

"రాయండి. కింద మీ బావగారి చైనా గోడ కూడా రాయండి" అని గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

రేపు బోర్డు మీద బొబ్బిలి వీణ. 33 పరుగుల సంగతి ఆవిడ పుట్టింటికి వెళ్లిన వారంలో చూసుకోవాలి.