డేకేర్‌లో బాబుకి దెబ్బలు: ఫిర్యాదు నడిపిన నా అనుభవం

మా బాబుకి రెండేళ్ల నాలుగు నెలలు. సాయంత్రం స్నానం చేయిస్తుంటే ఎడమ చెవి వెనక కమిలిన గీత కనబడింది, జబ్బ లోపలి వైపు రెండు మచ్చలు. నడిచే పిల్లలు పడితే దెబ్బలు మోకాళ్లకీ, మోకాలి కిందా, నుదుటికీ తగులుతాయి. నాలుగేళ్లలోపు పిల్లలకి చెవి, మెడ, పొట్ట, వీపు కమిలితే ‘పడిపోయాడు’ అన్న మాటతో సరిపెట్టుకోకూడదు. నడుం కింద పుట్టుకతో ఉండే నీలి మచ్చలు మన పిల్లల్లో మామూలే. అవి రోజుల్లో రంగు మారవు, కమిలిన మచ్చ మారుతుంది.

పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీశాను. చెయ్యి మొత్తం కనిపించేలా ఒకటి, దగ్గర నుంచి ఒకటి, మర్నాడు పగటి వెలుతురులో మళ్లీ. వాట్సాప్‌లో పంపితే ఫొటోలోని తేదీ వివరాలు పోతాయి, అందుకని అసలు ఫైళ్లు ఫోన్లోనే ఉంచాను. బాబుని ‘ఆయా కొట్టిందా?’ అని అడగలేదు. ఆ వయసు పిల్లలు దేనికైనా ‘ఊఁ’ అంటారు, ఆ తర్వాత వాళ్ల మాటకి విలువ ఉండదు. ‘ఇక్కడేమైంది నాన్నా?’ అని ఒక్కసారే అడిగాను. వాడు తన చెవి తనే పట్టుకుని మెలిపెట్టి చూపించాడు. చూసింది చూసినట్టు టైముతో సహా రాసుకున్నాను.

ప్రభుత్వాసుపత్రిలో చూపించి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకి పనికొచ్చే డాక్టరు రికార్డు) రాయించాం. ఒక్కో మచ్చ ఎక్కడుంది, ఎన్ని సెంటీమీటర్లుంది అన్నది కాగితం మీదికి రావాలి. రంగు చూసి ఎన్నో రోజు దెబ్బో కచ్చితంగా చెప్పడం కుదరదు, ఆ మాట కోసం డాక్టరుని ఒత్తిడి చేసి లాభం లేదు.

నేను చేసిన పెద్ద తప్పు, ముందు డేకేర్ ఓనరుకి ఫోన్ చేయడం. ‘సోమవారం రండి, ఫుటేజీ చూపిస్తాం’ అన్నారు. హార్డ్‌డిస్క్ నిండగానే డీవీఆర్ (సీసీ కెమెరాల వీడియో దాచే పెట్టె) పాత రికార్డింగు మీదే కొత్తది రాసేస్తుంది. డిస్కు చిన్నదీ కెమెరాలు ఎక్కువా అయితే వారమే మిగులుతుంది. మేం వెళ్లేసరికి మాకు కావాల్సిన మూడు రోజుల్లో ఒక రోజు పోయింది. మచ్చలు చూసిన రోజే డేకేర్‌కి మెయిల్ పెట్టాల్సింది: ఫలానా గది, ఫలానా తేదీ, ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా చెరపకుండా ఉంచండి అని. తెర మీద నడుస్తున్న వీడియోని ఫోన్‌తో తీస్తే సాక్ష్యంగా బలం తక్కువ. డీవీఆర్‌నే స్వాధీనం చేసుకోమని పోలీసులకిచ్చే ఫిర్యాదులో రాయాలి. దాని గడియారం మన ఫోన్‌తో పోల్చి తేడా నోట్ చేసుకోవాలి, అక్కడిది 22 నిమిషాలు ముందుంది.

స్టేషన్లో అసలు చిక్కు వచ్చింది. పిల్లల్ని చూసుకునే సంస్థలో పనిచేసేవాళ్లు కొట్టినా, కావాలని పట్టించుకోకపోయినా జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 కింద ఐదేళ్ల దాకా కఠిన శిక్ష, 5 లక్షల దాకా జరిమానా ఉంది. కానీ 2021 సవరణ తర్వాత దీన్ని పోలీసులు నేరుగా దర్యాప్తు చేయలేరు, మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ‘మేమేం చేయలేం, రాజీ పడండి’ అని పోలీసులు అన్నది ఇందుకే. ఫిర్యాదు రిజిస్టరులో ఎక్కించి మేజిస్ట్రేటు దగ్గరికి పంపడం మాత్రం వాళ్ల బాధ్యత, అది పట్టుబట్టి చేయించాం. దర్యాప్తుకి ఆదేశించమని లాయరు పిటిషన్ వేశారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పాం.

లైంగిక దాడి అనుమానముంటే దారి వేరు. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టాలి, విషయం తెలిసీ దాచిన డేకేర్ వాళ్లదీ నేరమే. పిల్లకి స్నానం చేయించకుండా, బట్టలు కాగితం కవర్లో పెట్టి వెళ్లాలి. వాంగ్మూలం ఇంటి దగ్గరే యూనిఫాం లేని మహిళా ఎస్సై తీసుకోవాలని అడగొచ్చు.

నిర్లక్ష్యం నిరూపించడమే కష్టం. మాకు పనికొచ్చింది డైపర్ అంచు మీద పెన్నుతో రాసిన టైము. పొద్దున 9కి వేసిన డైపరే సాయంత్రం 5కి బరువెక్కి వేలాడుతూ తిరిగొచ్చింది, మూడు రోజుల్లో రెండు రోజులు. ఆ ఫొటోలు పిటిషన్‌కి జత చేశాం. ఆ గదిలో ఇంకో ఐదుగురు పిల్లలున్నారు. వాళ్ల అమ్మల్ని కూడా చెవుల వెనక చూడమన్నాను. ఇద్దరు మాతో పాటు సంతకం పెట్టారు.