తాళం ఇచ్చేయండి సార్

బైకులోళ్ల హక్కుల కోసం తిరుగుతాను అంటే అందరూ మొదట అడిగేది ఒకటే, ‘అంటే హెల్మెట్ వద్దంటావా అన్నా?’ కాదు బాబూ. ఇంగ్లండ్‌లో ఫ్రెడ్ హిల్ అనే పెద్దాయన 1973లో వచ్చిన హెల్మెట్ చట్టాన్ని ఒప్పుకోక, జరిమానాలు కట్టక, పదే పదే జైలుకెళ్లి, 1984లో జైలు శిక్షలో ఉండగానే పోయాడు. ఆ మొండితనానికి దండం పెడతాను గానీ నా హెల్మెట్ మాత్రం తీయను.

నా గొడవ వేరు. మొన్న ట్రాఫిక్ పోలీసుల చెకింగ్‌లో ఒక డెలివరీ కుర్రాడి బండి తాళం లాగేసుకున్నారు, వాడేమో ఫోన్లో ఆర్డర్ టైమ్ చూసుకుంటూ సార్ సార్ అని వెంటపడుతున్నాడు, వీపు మీద బ్యాగులో బిర్యానీ చల్లారిపోతోంది. కాగితాలు అడగొచ్చు, చలానా రాయొచ్చు, నడిపేవాడి దగ్గర్నుంచి తాళం లాక్కోమని చట్టంలో ఎక్కడుంది?

‘ఫైన్ రాయండి సార్, తాళం ఇచ్చేయండి’ అన్నాను.

‘నువ్వేమన్నా లాయరువా?’

‘కాదు సార్, నేనూ బండి మీద తిరిగేవాణ్ణే.’

ఆయనకి నవ్వొచ్చింది. తాళం ఇచ్చాడు, చలానా వదల్లేదు. అద్దాలు లేవు మరి, అది కుర్రాడి తప్పే.

అసలు నా టైమంతా రోడ్డు గుంతల మీద ఫిర్యాదులకే పోతుంది. రోడ్డు ప్రమాణాల ప్రకారం వేయక ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా కాంట్రాక్టరుకైనా అధికారికైనా లక్ష దాకా జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ తెచ్చారు. ఎంతమందికి తెలుసు? మనకి హెల్మెట్ లేకపోతే ఫొటోతో సహా చలానా వచ్చేస్తుంది, నేను గుంత ఫొటో పంపితే ఫిర్యాదు నంబరొస్తుంది, అంతే.

ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని గుంతలు మళ్లీ కొలవడానికి వెళ్తున్నాం, రెయిన్‌కోటు ఉన్నవాళ్లు రండి.