ఒక పిల్లాడు, రెండు కోర్టులు: నా అనుభవం

న్యూజెర్సీలో నా రోజువారీ పని కంపెనీల కాంట్రాక్టులు రాయడం. ఇమ్మిగ్రేషన్ అంటే మనవాళ్లందరిలాగే హెచ్-1బీ, గ్రీన్ కార్డు వరకే తెలుసు. 2022లో ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా, గ్వాటెమాలా నుంచి ఒంటరిగా వచ్చిన పదహారేళ్ల అబ్బాయి కేసు ఫీజు లేకుండా తీసుకున్నాను.

దొంగతనం కేసులో ముద్దాయికి డబ్బు లేకపోతే ప్రభుత్వమే లాయరును ఇస్తుంది. దేశం నుంచి పంపేసే కేసులో మాత్రం లాయరును పెట్టుకునే హక్కు "ప్రభుత్వానికి ఖర్చు లేకుండా" అని చట్టంలోనే ఉంది. ఐదేళ్ల పిల్లకైనా అదే నియమం. అవతలి బల్ల దగ్గర ప్రభుత్వ లాయరు ఉండనే ఉంటాడు. ఒంటరి పిల్లలకు వీలైనంత మేరకు లాయర్లు దొరికేలా చూడమని 2008 నాటి చట్టం చెప్పింది గానీ, ఆ వీలు అందరికీ కుదరడం లేదు. మూడు నాలుగేళ్ల పిల్లలకు కూడా ఓపిగ్గా చెబితే ఇమ్మిగ్రేషన్ చట్టం నేర్పొచ్చని 2015లో ఒక సీనియర్ జడ్జి ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చాడు. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను కేసు తీసుకున్న అబ్బాయి ట్రెంటన్‌లో వాళ్ల పిన్ని దగ్గర ఉంటున్నాడు. నోటీసు నూవర్క్ ఇమ్మిగ్రేషన్ కోర్టు నుంచి వచ్చింది. కానీ అతనికి పనికొచ్చే దారి అక్కడ మొదలవదు. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా వదిలేసిన, హింసించిన, పట్టించుకోని పిల్లల కోసం గ్రీన్ కార్డుకి దారితీసే ఒక ప్రత్యేక హోదా 1990 నుంచి ఉంది. దానికి ముందుగా రాష్ట్ర ఫ్యామిలీ కోర్టు కస్టడీ ఉత్తర్వు ఇవ్వాలి. ఆ తల్లి లేదా తండ్రి దగ్గరికి తిరిగి చేర్చడం కుదరదనీ, సొంత దేశానికి పంపడం బిడ్డకు మంచిది కాదనీ అందులో రాయాలి. ఇరవయ్యొకటి నిండకముందే ఆ ఉత్తర్వుతో ఫెడరల్ దరఖాస్తు పెట్టాలి. లాయరు లేని పిల్లాడు నూవర్క్‌లో జడ్జి ముందు నిలబడి, తన కేసు ఇంకో ఊళ్లో ఇంకో కోర్టులో మొదలుపెట్టాలని ఎలా కనిపెడతాడు?

అన్నిటికంటే కష్టం, అతని చేత మాట్లాడించడం. కాగితాల మీద స్పానిష్ అని రాశారు గానీ, ఇంట్లో మాట్లాడేది మామ్ అనే మాయా భాష. మొదట్లో స్పానిష్‌లో ఏమడిగినా "సీ" (ఔను) అనేవాడు. మామ్ నుంచి స్పానిష్‌కి ఒకరు, అక్కణ్నుంచి ఇంగ్లిష్‌కి ఇంకొకరు ఫోన్లో దొరికాక పని కదిలింది. "మీ నాన్న నిన్ను వదిలేశాడా?" అని అడిగితే ఏ కొడుకూ ఔననడు. బడి పుస్తకాలు ఎవరు కొన్నారు, జ్వరమొస్తే ఎవరు తీసుకెళ్లారు, అమ్మ పోయినప్పుడు ఖర్చులు ఎవరు పెట్టారు అని అడిగాను. పదకొండేళ్లకే బడి మానేసి కాఫీ తోటల్లో పనికి వెళ్లాడనీ, నాన్న వేరే కుటుంబంతో పక్క ఊళ్లోనే ఉన్నాడనీ అలా తెలిసింది. అఫిడవిట్‌లో నేను పెట్టిన మాటలు ఏమీ లేవు, ఆ జవాబులే.

వాళ్ల పిన్నికి కూడా కాగితాలు లేవు. రాత్రిళ్లు ఆఫీసులు శుభ్రం చేస్తుంది. "లిసెన్సియాదా (లాయరమ్మా), కోర్టుకొస్తే నన్ను పట్టుకుంటారా?" అని అడిగింది. పట్టుకోరని హామీ ఇవ్వలేనన్నాను. ఏమేం జరగొచ్చో అంతా చెప్పి, ఆలోచించుకోమన్నాను. ఆమె వచ్చింది.

తండ్రికి నోటీసు వాట్సాప్‌లోనూ కొరియర్‌లోనూ పంపి రుజువులు పెట్టాం. ఫ్యామిలీ కోర్టు పని నిజాలు నిర్ధారించడం వరకే, ఇమ్మిగ్రేషన్ సంగతి తేల్చడం కాదని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. ఆ తీర్పులోని ఒక కేసు భారతదేశం నుంచి వచ్చిన కుర్రాడిది, కోర్టుకెక్కింది అతని మేనమామ. దాన్ని పిటిషన్‌లో ఉటంకించాను. ఉత్తర్వు వచ్చింది. నూవర్క్‌లో వాయిదాలు తీసుకుంటూ ఫెడరల్ దరఖాస్తు వేశాం. 2023లో అది ఆమోదమైంది. దేశం నుంచి పంపేయకుండా నాలుగేళ్ల తాత్కాలిక రక్షణ, పని చేసుకునే కార్డు వచ్చాయి.

గ్రీన్ కార్డు రాలేదు. గ్రీన్ కార్డుల క్యూ ఎంతవరకు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో, మనవాళ్లు ఉద్యోగాల మీద వచ్చే ఈబీ-2, ఈబీ-3 వరుసలు చూసుకునే పట్టికలోనే కింద ఈబీ-4 ఉంటుంది. ఈ పిల్లల క్యూ అదే. 2025 మొదట్లోనే ఆ ఏడాది వీసాలు అయిపోయాయి. జూన్‌లో తాత్కాలిక రక్షణ విధానాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది, దాని మీద దావా పడింది.

అంతకుముందు మార్చిలో, సుమారు 26,000 మంది పిల్లల లాయర్లకు నిధులిచ్చే కాంట్రాక్టును ప్రభుత్వం రద్దు చేసింది. ఏప్రిల్ 1న కాలిఫోర్నియాలో ఫెడరల్ జడ్జి తాత్కాలికంగా నిధులు కొనసాగించమన్నారు గానీ, ఈలోపే చాలా చోట్ల సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. అలా లాయరు లేకుండా మిగిలిన హోండురాస్ అమ్మాయి కేసు ఇప్పుడు నా దగ్గరుంది. వకాలత్ వేశాను, జనన పత్రం రావాలి.

న్యూజెర్సీ బార్‌లో ఉన్న తెలుగు లాయర్లకు ఒక మాట. ఇలాంటి కేసుకి ఇమ్మిగ్రేషన్ అనుభవం అక్కర్లేదు, కేసు ఇచ్చే సంస్థే దారి చూపే లాయరును కూడా జత చేస్తుంది. ఫ్యామిలీ కోర్టు పిటిషన్ నమూనా కావాలంటే, పేర్లు తీసేసి నాది పంపిస్తాను.