ఆటోనగర్ కొలిమి దగ్గర రెండు ఆదివారాలు

గుంటూరు నుంచి బెజవాడకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, పెళ్ళి బట్టలకో దుర్గమ్మ దర్శనానికో. కత్తి చేసుకుందామని బస్సెక్కడం మాత్రం అదే మొదలు. అదీ మే నెలలో.

మా బావకి రెండు లారీలున్నాయి, వాటి కమాన్ పట్టీలు, అదే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు, ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దగ్గరే వేయిస్తాడు. ఎప్పుడో మాటల్లో నాకు సొంతంగా ఒక కత్తి చేయాలనుందని అంటే, "నువ్వా? పెన్సిల్ చెక్కడం వచ్చా నీకు?" అని నవ్వి, ఆ నవ్వుతూనే మేస్త్రీకి ఫోన్ కలిపాడు. ఆదివారం షాపుకి సెలవు కాబట్టి కొలిమి ఖాళీగా ఉంటుంది, రమ్మనండి అన్నాడాయన.

ముప్పై అయిదు కిలోమీటర్లు, మంగళగిరి దాటేవరకు నిద్రే. వారధి దగ్గర దిగితే కృష్ణలో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ కనపడింది. అక్కణ్ణుంచి షేర్ ఆటోలో బెంజ్ సర్కిల్, పటమట మీదుగా ఆటోనగర్. మామూలు రోజు మనిషి మాట మనిషికి వినపడని చోటు, ఆ రోజు మాత్రం విప్పేసిన లారీ క్యాబిన్ల నీడలో కుక్కలు పడుకుని ఉన్నాయి.

మేస్త్రీకి అరవై దాటుంటాయి. ముందు ఇనుము చూపించాడు. మామూలు చువ్వని గ్రైండర్‌కి ఆనిస్తే నిప్పురవ్వలు పొడుగ్గా, గీతల్లా వెళ్ళిపోయాయి. పాత జీపు కమాన్ పట్టీ ఆనిస్తే ఒక్కో రవ్వా చివర్లో కాకరపువ్వొత్తిలా విచ్చుకుంది. "విచ్చుకుందా, దీంట్లో కార్బన్ ఉంది, ఇదే పదును తాగుద్ది" అన్నాడు. చువ్వని ఎంత కాల్చి ముంచినా గట్టిపడదట. ఆ పట్టీలోంచే జానెడు ముక్క కోసిచ్చాడు, ఆరు మిల్లీమీటర్ల మందం.

కొలిమికి తిత్తి లేదు, కరెంటు బ్లోయర్. ఇనుము పెట్టి కొట్టే దాగలి బదులు రైలు పట్టా ముక్క. పట్టకారుతో ముక్క పట్టుకుని కొట్టడం మొదలెట్టాను. ఇనుము కమలాపండు రంగులో ఉన్నప్పుడు మైనంలా సాగుతుంది గానీ, నాలుగు దెబ్బలు వేసేసరికి ఎర్రదనం తగ్గిపోతుంది, ఇంకో దెబ్బ వేద్దామని నా ఆశ, ఆపు ఆపు అని ఆయన అరుపు, ఎందుకంటే చల్లబడ్డాక కొడితే లోపల పగులు పడుతుందట, ఆ లెక్కన పొద్దున మొత్తం కొట్టిన టైం కన్నా కాలుతుంటే చూస్తూ నిలబడ్డ టైమే ఎక్కువ. అంచు వైపు పలచన చేస్తున్నకొద్దీ కత్తి అరటికాయలా వెనక్కి వంగిపోయింది. అంచు సాగుతుంది, వీపు సాగదు, మరి వంగక ఏం చేస్తుంది? "అందుకే ముందే అంచు వైపుకి వంచి మొదలెట్టాలి" అన్నాడు మేస్త్రీ, అదేదో ముందే చెప్పొచ్చుగా.

మధ్యాహ్నానికి ఆకురాయితో రుద్దీ రుద్దీ ఒక ఆకారం తెచ్చాను. చేతికి నాలుగు బొబ్బలు. ఇక పదును పెట్టాలి, అంటే ఎర్రగా కాల్చి ఒక్కసారిగా ముంచి గట్టిపరచాలి. ఆయన నూనె అన్నాడు. నేనేమో చిన్నప్పుడు ఊళ్ళో కమ్మరి కొడవళ్ళని నీళ్ళ తొట్టిలో ముంచడం కళ్ళారా చూసినవాణ్ణి, నీళ్ళే అన్నాను. ఆయన వాదించలేదు, బకెట్ జరిపాడు. ముంచాను. బుస్సుమంది, ఆ బుస్సులోనే సన్నగా "టిక్" అని వినపడింది. పైకి తీస్తే అంచు నుంచి సగం దాకా వెంట్రుకంత గీత. నాకు టీ తెప్పించి, "మిగిలిన పట్టీ దాచుంచుతాలే" అన్నాడంతే.

మళ్ళీ ఆదివారం అయిదు లీటర్ల వేరుశనగ నూనె డబ్బాతో దిగాను. ఈసారి ముందే వంచి మొదలెట్టాను. పిడి బిగించే రివెట్లకి బెజ్జాలు కూడా ముందే వేయించాడు, పదును తాగాక డ్రిల్లు దిగదు కదా. కొట్టడం అయ్యాక మూడుసార్లు కాల్చి గాలికి చల్లారనిచ్చాం, దెబ్బలకి లోపల పడ్డ బిగువు పోవడానికి. ఎండలో ఎరుపు సరిగ్గా తెలియదని సాయంత్రం దాకా ఆగి షట్టర్ సగం దించాడు. "పండుమిరపకాయ రంగు రావాలి. గుంటూరోడివి, నీకు చెప్పాలా?" అన్నాడు. పాత స్పీకర్‌లో అయస్కాంతం కూడా పక్కన పెట్టాడు. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, అక్కణ్ణుంచి ఇంకొంచెం కాకతో నూనెలోకి. కాల్చిన ఇనుప ముక్క వేసి నూనెని ముందే గోరువెచ్చగా చేసి ఉంచాం. ముంచగానే భగ్గుమని మంట లేచింది, షాపంతా పకోడీల వాసన. చెవులు రిక్కించాను. ఏమీ వినపడలేదు. ఆకురాయి పెట్టి గీస్తే అద్దం మీద గీసినట్టు జారిపోయింది. ఆ క్షణం పక్కనెవరూ లేకపోతే ఎగిరి గంతేసేవాణ్ణే.

అప్పుడది గాజులాంటిది, కింద పడితే విరుగుతుంది. పాత పేపర్లో చుట్టి, బ్యాగులో బట్టల మధ్య పెట్టి, బస్సులో కండక్టర్ చూసినప్పుడల్లా టెన్షన్ పడుతూ ఇంటికి తెచ్చి, ఆ పెళుసుతనం తగ్గడానికి కేకుల ఓవెన్‌లో 200 డిగ్రీల మీద రెండేసి గంటలు రెండుసార్లు పెట్టాను. ఎండుగడ్డి రంగు వచ్చింది. ఆ తర్వాత ఓవెన్ లోంచి వచ్చిన కేకు నూనె కంపు కొట్టిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. పిడికి సామిల్లులో దొరికిన తుమ్మ చెక్క, ఇత్తడి రివెట్లు. సాన పట్టడానికి ఇంకో మూడు రాత్రులు.

అమ్మ జీవితమంతా కత్తిపీట మీదే కోసిన మనిషి. దోసకాయ తెచ్చి ముందు పెట్టాను. కత్తి సగం దాకా దిగింది, ఆ పైన దోసకాయ తెగలేదు, పగిలింది. అంచు పదునే, వీపు మరీ లావు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బెల్లం కొట్టడానికి బాగుంటుందిరా" అంది.

ఇప్పుడది బెల్లం డబ్బా పక్కనే ఉంటోంది. తడి తగిలితే తుప్పు పడుతుందని రోజూ నేనే తుడుస్తున్నా. మేస్త్రీకి ఫోన్ చేసి చెబితే, మూడు మిల్లీమీటర్ల పట్టీ ఒకటి ఉంది, ఎండలు తగ్గాక రమ్మన్నాడు.