తాతగారి రివాల్వర్ కోసం విశాఖ వెళ్ళొచ్చిన రోజు

మొన్న మార్చిలో ఒక రోజు విశాఖ వెళ్ళొచ్చాను. మా తాతగారి రివాల్వర్‌కి స్ప్రింగ్ వెతకడానికి వెళ్ళాను, స్ప్రింగ్ దొరకలేదు గానీ అరవై ఏళ్ళుగా మా ఇంట్లో ఎవరికీ తెలియని విషయం ఒకటి తెలిసింది.

ముందు సంగతి చెప్పాలి. తాతగారు ఎవరో ఎస్టేటు ఉద్యోగి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారంట, తర్వాత నాన్న పేరుకి మారింది, నాన్న పోయాక అమ్మ రూలు ప్రకారం విశాఖలో లైసెన్స్ ఉన్న ఒక ఆయుధాల షాపులో సేఫ్ కస్టడీకి ఇచ్చేసింది. వారసుడిగా నా పేరు మీద లైసెన్స్ రావడానికి మూడేళ్ళు పట్టింది. వచ్చాక షాపుకి ఫోన్ చేస్తే పెద్దాయన "సుత్తి వదులుగా ఊగుతోందండి, లోపల స్ప్రింగ్ పోయినట్టుంది, ఓసారి వచ్చి సూసుకోండి" అన్నారు. సుత్తి అంటే వెనక నుంచి తూటాని కొట్టే ముక్క. చిన్నప్పుడు తాతగారు దసరాకి ఆయుధపూజలో దాన్ని పీట మీద పెట్టి కుంకుమ బొట్టు పెట్టేవారు, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు, అందుకే అది పాడైందంటే ఉండబట్టలేకపోయాను.

పార్వతీపురంలో తెల్లారి అయిదున్నర బస్సు. బొబ్బిలి, రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం, దారంతా నిద్రే, తగరపువలస దాటాక మెలకువ వచ్చింది. విశాఖ బస్టాండు కాంప్లెక్స్‌లో దిగేసరికి మా బావ బండి వేసుకుని రెడీగా ఉన్నాడు. ఇడ్లీ తింటూ ఆయన సలహా ఏంటంటే, కంచరపాలెంలో తెలిసిన లేత్ షాపు ఉంది, స్ప్రింగే కదా, అరగంటలో చేసిచ్చేస్తారు అని. అది కుదరదు బావా అన్నాను. ఆయుధాల చట్టం 1959 నుంచి ఉంది, రిపేరు చేయాలన్నా చేసేవాడికి దానికి తగ్గ లైసెన్స్ ఉండాలి, లేకపోతే చేసినవాడూ చేయించినవాడూ ఇద్దరూ ఇరుక్కుంటారు. బావ మనసు మంచిదే, ఈ విషయం మాత్రం చాలామందికి తెలీదు.

షాపులో పెద్దాయన నా లైసెన్స్ పుస్తకం చూసి, రిజిస్టర్‌లో సంతకం తీసుకుని, లోపల్నుంచి బట్టలో చుట్టిన రివాల్వర్ తెచ్చి టేబుల్ మీద పెట్టారు. ఖాళీగా ఉందా లేదా అని నా ముందే తెరిచి చూపించారు. ఇది టాప్ బ్రేక్ రకం, అంటే పైన లాచ్ ఎత్తితే గొట్టం, సిలిండర్ రెండూ కలిసి ముందుకి మడతపడతాయి, అలా మడతపడుతుంటే సిలిండర్ మధ్యలోంచి నక్షత్రం ఆకారంలో ఒక ముక్క పైకి లేచి కాలిన తూటా గొట్టాల్ని బయటికి తోసేస్తుంది. అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ పెద్ద టాప్ బ్రేక్ 1870లో వచ్చింది, తర్వాత ఇంగ్లండులో వెబ్లీ కంపెనీ వాళ్ళు దాన్ని ఇంకా గట్టిగా చేశారు, మన కాన్పూర్‌లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వాళ్ళు చేసిన .32 (తూటా కొలత అది) రివాల్వర్ కూడా వెబ్లీ పోలికే.

మా లైసెన్స్‌లో "వెబ్లీ .32" అని రాసి ఉంది. నాన్న కూడా జీవితాంతం వెబ్లీ అనే చెప్పేవారు.

పెద్దాయన ఒక్క నిమిషం చూసి "ఇది వెబ్లీ కాదు మాస్టారూ" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆయన బీరువాలోంచి నిజమైన వెబ్లీ ఒకటి తెచ్చి పక్కన పెట్టారు. వెబ్లీకి ఎడమ పక్కన బొటనవేలితో నొక్కే లివర్ ఉంది, నొక్కితే వెనక గుర్రపు రికాబులా ఉన్న కొక్కెం వెనక్కి జరిగి తెరుచుకుంటుంది. మాదానికి అసలు లివరే లేదు, సిలిండర్ పైన రెండు చిన్న చెవుల్లాంటి ముక్క ఉంది, వాటిని రెండు వేళ్ళతో పట్టి పైకి లాగాలి, అది స్మిత్ అండ్ వెసన్ పద్ధతి. వెబ్లీ మీద రెక్కలున్న తూటా బొమ్మ, కిరీటం కింద అక్షరాలు ఉన్న బర్మింగ్‌హామ్ ముద్రలు ఉన్నాయి, మాదాని మీద పేరు లేదు, ఊరు లేదు, ఏమీ లేదు అనుకున్నాం.

అప్పుడు ఆయన వాచీలు బాగుచేసేవాళ్ళ భూతద్దం కంటికి పెట్టుకుని, సిలిండర్‌ని ట్యూబులైటు కింద మెల్లగా తిప్పి, నన్ను చూడమన్నారు. ముందు నాకేమీ కనిపించలేదు, గీతలు, పాత తుప్పు చుక్కలు అంతే. కాస్త పక్కకి వాలిస్తే వెలుతురు పడి బియ్యపు గింజ కంటే చిన్న కోడిగుడ్డు ఆకారం కనిపించింది, దాని లోపల ఇ, ఎల్, జి అని మూడు అక్షరాలు, కింద ఒక చుక్క, పైన కిరీటం. ఆ చుక్క మళ్ళీ చూస్తే నక్షత్రం. అది బెల్జియంలో లియేజ్ అనే ఊళ్ళో తుపాకుల్ని పరీక్ష చేసే సంస్థ ముద్రంట, ఆ సంస్థ 1672 నుంచి ఉంది. గుడ్డు ఆకారం మీద కిరీటం 1893లో చేర్చారు కాబట్టి మాది ఆ తర్వాతే తయారైంది. లియేజ్‌లో చిన్న చిన్న పనివాళ్ళు వేరే కంపెనీల మోడల్స్ చూసి చేసి దేశదేశాలకి పంపేవారు, చాలా వాటి మీద చేసినవాడి పేరు ఉండదు. పొగరాని తుపాకీమందుకి పరీక్ష పాసైతే సింహం బొమ్మ, దాంతో పివి అని ఉంటుంది, మాదాని మీద ఎంత వెతికినా అది లేదు. అంటే పాతకాలం నల్ల తుపాకీమందు బలానికే పరీక్షించింది, ఇప్పటి తూటాలు ఇందులో పెట్టకూడదు అని పెద్దాయన రెండుసార్లు చెప్పారు. ఇంత ముఖ్యమైన విషయం మా ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఇన్నేళ్ళు ఎలా ఉన్నాం అనిపించి నిజంగా వెన్నులో చలి పుట్టింది.

తర్వాత పిడి విప్పారు. ఒక్కటే స్క్రూ. రెండు నల్ల రేకులు ఊడగానే లోపల గోధుమరంగు జిగురు, ఎండిపోయిన నూనె, తాతగారు కొబ్బరినూనె రాసేవారని అమ్మ చెప్పేది, ఆ ముక్కిపోయిన వాసన ఇంకా ఉంది. అందులో స్ప్రింగ్ రెండు ముక్కలుగా ఉంది, సన్నటి పట్టీ, విరిగిన చోట లోపలి లోహం బూడిదరంగులో గరుగ్గా మెరుస్తోంది. వెబ్లీ స్ప్రింగ్ రెండు కాళ్ళ చిమటాలా మడతపెట్టి ఉంటుంది, మాది ఒకే ఆకు, కింద గాటులో కూర్చుని పైన సుత్తికి కొక్కెం. లైసెన్స్‌లో ఉన్న పేరు నమ్మి ఎక్కడో వెబ్లీ స్ప్రింగ్ కొని తెచ్చుంటే అది కూర్చోవడానికి లోపల చోటే లేదు.

పిడి కింద ఇంకోటి బయటపడింది. నంబరు. బయట అరిగిపోయి లైసెన్స్‌లో 4127 అని ఎక్కింది, లోపల చెక్కుచెదరకుండా 4727 అని ఉంది. ఎప్పుడో ఏడుని ఒకటిగా చదివి రాసేశారు, మూడు తరాలు అదే కాపీ అవుతూ వచ్చింది. పెద్దాయన వెంటనే స్క్రూడ్రైవర్ కింద పెట్టేశారు. పుస్తకంలో పేరు వేరు, నంబరు వేరు అయినప్పుడు నేను రిపేరుకి ఎక్కించుకోలేనండి, ముందు కలెక్టరేట్‌లో అర్జీ పెట్టి సరిచేయించుకురండి, అప్పుడు మా మిస్త్రీ స్ప్రింగు ఉక్కు పట్టీ అరగదీసి, నీరు పట్టించి (అంటే కాల్చి చల్లార్చి గట్టిపరిచి), కొలతకి చేస్తాడు, ఇలాంటి వాటికి రెడీమేడ్ పార్టు ఎక్కడా ఉండదు అన్నారు. నాకు బాధ అనిపించింది గానీ ఆయన మీద గౌరవం పెరిగింది, డబ్బు కోసం ఊరుకుని ఉంటే రేపు ఇబ్బంది పడేది నేనే.

అర్జీకి కావాల్సిన ఫోటోలు తీయిస్తాను, రెండు గంటలు ఆగండి అంటే బావా నేనూ బీచ్ రోడ్డుకి వెళ్ళాం. అక్కడ విశాఖ మ్యూజియంలోకి వెళ్ళాం. అందులో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఊరి మీద దాడి చేసినప్పుడు పేలకుండా ఉండిపోయిన బాంబు ఉంది, 250 పౌండ్లది. ఆ రోజుల్లో ఊరు ఖాళీ చేసి జనం పల్లెలకి పోయారని తాతగారు చెప్పేవారు. పాత ఆయుధాలు పెట్టిన గదిలో మాత్రం ఎక్కువసేపు నిలబడిపోయాను, ఇదివరకు కత్తుల పొడవు చూసి వెళ్ళిపోయేవాణ్ణి, ఈసారి ప్రతిదాని మీదా ముద్రలు ఎక్కడున్నాయా అని వెతుక్కున్నాను. బయటికొచ్చి ఎదురుగా సముద్రం చూస్తూ మూరీ మిక్చర్ తిన్నాం.

మళ్ళీ షాపుకి వెళ్ళేసరికి ఎనిమిది ఫోటోలు రెడీగా ఉన్నాయి, ముద్రలకి ఒకటి, నంబరుకి రెండు, మిగతావి నాలుగు పక్కలా, విరిగిన స్ప్రింగుది. విరిగిన ముక్కలు చిన్న కవర్లో వేసి రివాల్వర్‌తోనే కట్టి లోపల పెట్టారు, పారేయొద్దు, కొత్తది చేసేటప్పుడు అదే కొలత అన్నారు. రిజిస్టర్‌లో మళ్ళీ సంతకం పెట్టాను.

కాంప్లెక్స్‌లో బస్సు ఎక్కాక అమ్మకి ఫోన్ చేశాను. అది వెబ్లీ కాదంటమ్మా, బెల్జియందంట అన్నాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "నంబరెంతన్నావు, మళ్ళీ చెప్పు, రాసుకుంటాను" అంది. నాలుగు ఏడు రెండు ఏడు అని చెప్పాను, తను తిరిగి చదివింది, సరిపోయింది.