నేను లేనప్పటి విశాఖ

సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పటికి మా చేతుల్లో రెండు బ్యాగులు, ఒక తులసి కుండీ ఉన్నాయి. మిగతా సామానంతా ముందురోజే లారీలో వెళ్లిపోయింది. పండక్కనీ, పెళ్లికనీ ఈ రైలు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. తిరుగు టికెట్ లేకుండా ఎక్కడం మాత్రం ఇదే మొదటిసారి. ఉద్యోగం కోసం 2013లో విశాఖ వదిలి, మళ్లీ 2024 జూన్‌లో కాపురం ఎత్తుకుని వస్తున్నాను. అమ్మకి మోకాళ్లు సహకరించడం లేదు. కారణం అదొక్కటే. నాకు అది చాలు.

తుని దాటాక మెలకువ వచ్చింది. దువ్వాడ కూడా దాటి, కిటికీలోంచి సింహాచలం కొండ కనబడగానే చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "అప్పన్న తండ్రీ, వచ్చేశాం" అనుకున్నాను. స్టేషన్లో దిగీ దిగకముందే ఒళ్లంతా చెమట. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మా ఎనిమిదేళ్ల పాప నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఇక్కడ గాలి తడిగా ఉందేంటి?" అంది. ఆ తడిగాలి కోసం నేను పదకొండేళ్లు మొహం వాచిపోయానని దానికెలా చెప్పను?

మర్నాటికల్లా వస్తుందన్న లారీ నాలుగో రోజుకు వచ్చింది. ఎప్పుడు ఫోన్ చేసినా "దారిలో ఉంది మేడమ్" అనే జవాబు. ఎంవీపీ కాలనీలో మేం అద్దెకు తీసుకున్న ఇంటికి అమ్మ వాళ్లిల్లు రెండు వీధుల అవతలే కాబట్టి తిండికీ పడకకీ లోటు రాలేదు.

సామాను సర్దాక అసలు సంగతి మొదలైంది. వంటింట్లో ఉప్పు డబ్బా తీస్తే ఉప్పు గడ్డకట్టి ఉంది. అప్పడాలు వేయించిన పది నిమిషాలకే మెత్తబడిపోతున్నాయి. ఉతికిన బట్టలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటున్నాయి. పాప సైకిల్ గొలుసు నెల తిరక్కుండా ఎర్రగా తుప్పు పట్టింది. అమ్మ వచ్చి చూసి, గుప్పెడు బియ్యం ఉప్పు డబ్బాలో వేసి మూత బిగించింది. చిన్నప్పుడు రోజూ చూసిన పనే, మర్చిపోయాను. ఆ పొడి ఊళ్లో ఎప్పుడూ అవసరం పడలేదు మరి.

మొదటి ఆదివారం రైతుబజారుకు వెళ్లాను. "సొరకాయ ఎంతమ్మా?" అని అడిగాను. కూరలావిడ నన్ను ఎగాదిగా చూసి, "సొరకాయేటి తల్లీ... ఆనపకాయా? ఏ ఊరు మీది?" అంది. "ఈ ఊరే" అన్నాను. ఆవిడ నమ్మినట్టు కనబడలేదు. మారుమాట లేకుండా ఆనపకాయ తూచి సంచిలో వేసింది. ఇంటికి నడిచి వస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అమ్మ ఆనపకాయ పులుసు తిని పెరిగినదాన్ని నేను!

దారులు కూడా అంతే. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు అంటే నా మనసులో ఇంకా లారీల మధ్య ఇరుక్కుపోయిన జంక్షనే. ఇప్పుడక్కడ గుండ్రంగా తిరిగే ఫ్లైఓవర్ ఉంది. సింహాచలం వెళ్లే 28 నంబరు బస్సు మాత్రం అదే నంబరుతో ఉంది. అది కనబడితే చుట్టం ఎదురైనట్టుంటుంది.

అయితే నన్ను ఎక్కువ కలచింది ఉప్పూ కాదు, ఫ్లైఓవరూ కాదు. ఇక్కడ కాలాన్ని జనం రెండుగా చెబుతారు: హుద్‌హుద్ తుఫానుకి ముందు, హుద్‌హుద్ తర్వాత. తలుపు బాగుచెయ్యడానికి వచ్చిన వడ్రంగి, "ఇది హుద్‌హుద్‌లో ఉబ్బిపోనాదమ్మా" అన్నాడు. కింది వాటాలోని అత్తయ్యగారు నీళ్ల ట్యాంకు చూపించి, పాతది ఆ రోజే ఎగిరిపోయిందన్నారు. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలి. ఆ పేరు ఒమన్ పెట్టింది, అది ఒక పిట్ట పేరు. మనం కూకుడుగువ్వ అంటాం. అంత చిన్న పిట్ట పేరు ఇంత ఊరికి ఇలా గుర్తుండిపోయింది. ఆ రోజంతా నేను హైదరాబాద్‌లో టీవీ ముందు కూర్చుని అమ్మకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. కలవలేదు. మూడో రోజున ఎవరి ఫోన్‌లోంచో మాట్లాడింది. "బాగానే ఉన్నాం, నేరేడు చెట్టు పడిపోయింది" అని, అంతలోనే లైను కట్.

మిగతాదంతా అమ్మ ఇప్పుడు చెబుతోంది. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయిందట. అయిపోయిందనుకుని అందరూ బయటికొచ్చారట. కాసేపటికి రెండో దిక్కు నుంచి విరుచుకుపడిందట. ఆ తర్వాత చీకటి రాత్రులు, పాలకీ నీళ్లకీ వరసలు. పండక్కి రెండు రోజులు చుట్టపుచూపుగా వచ్చినప్పుడు ఇవేవీ చెప్పలేదు. నేనూ అడగలేదు. అందుకు బాధగానే ఉంది.

ఒక శనివారం పాపను తీసుకుని ఆర్టీసీ కాంప్లెక్స్‌లో 900కే బస్సు ఎక్కి భీమిలి వెళ్లాం. తెన్నేటి పార్కు రాగానే పక్క సీటు తాతగారు చెయ్యి చాపి, 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఆగిపోయిన చోటు చూపించారు. అదీ నేను లేనప్పటిదే. అన్నీ అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. పాప నాకంటే శ్రద్ధగా వింది. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఇద్దరం చాలాసేపు నీళ్లలో నిలబడ్డాం.

అక్టోబరులో అల్పపీడనం అన్నారు. పొద్దున్నే అమ్మ ఫోన్: "బాల్చీలు నింపుకున్నావా? ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకో. బాల్కనీలో కుండీలు లోపల పెట్టెయ్." వీధి వీధంతా అదే పనిలో ఉంది. నేనూ బాల్చీలు నింపాను, కొవ్వొత్తులు వెతికి బయట పెట్టాను, తులసి కుండీ తెచ్చి హాల్లో గోడవారన పెట్టాను. రాత్రంతా వాన. కిటికీ రెక్క కొట్టుకున్నప్పుడల్లా లేచి చూశాను. పెద్ద గాలేమీ రాలేదు. తెల్లారి గుమ్మంలో నీళ్లు ఊడుస్తుంటే కింద నుంచి అత్తయ్యగారు తలెత్తి చూసి, "ఏటమ్మా, నిద్దరోయారా రాత్రి?" అన్నారు.

"లేదండీ, మీరో?" అన్నాను.